ఉత్తుత్తి దెబ్బలు

మా మావయ్యకి కుస్తీలంటే ప్రాణం. ఏదో సినిమా పత్రికలోంచి దారాసింగ్ ఫోటో కత్తిరించి వసారాలో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన అంటించుకున్నాడు. కింగ్‌కాంగ్ అనే వస్తాదు కొండంత మనిషనీ, అంతటివాణ్ణి దారాసింగ్ రెండు చేతుల్తో ఎత్తి గిరగిరా తిప్పి విసిరేశాడనీ అన్నం దగ్గర కూచుని చెబుతుంటే మేం ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయేవాళ్లం. ఆ కింగ్‌కాంగ్ అసలు పేరు ఎమిల్ చాయా అనీ, హంగేరీ నుంచి వచ్చినవాడనీ, 1970లో సింగపూర్‌లో కారు ప్రమాదం తర్వాత చనిపోయాడనీ నేను ఎంతో కాలం తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పట్లో మాకు ఆయన బకాసురుడి తమ్ముడు.

1968లో నాకు తొమ్మిదేళ్లు. చదువు కోసం నన్ను అమ్మమ్మగారింట్లో ఉంచారు. ఉయ్యూరు పక్కన పల్లెటూరు. ఆ వేసవిలోనే బొంబాయిలో దారాసింగ్ అమెరికా వస్తాదు లూ థెజ్‌ని ఓడించాడని మావయ్య ఊరంతా చెప్పుకుని తిరిగాడు. కోతలయ్యాక ఒకరోజు రిక్షాలో మైకు పెట్టుకుని వచ్చి, బెజవాడ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో ఫ్రీస్టయిల్ కుస్తీలని అరుచుకుంటూ రంగు కాగితాలు పంచి వెళ్లారు. కాగితం మీద పెద్ద బొమ్మ దారాసింగ్‌ది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు మాత్రం వేరే. మావయ్య బొమ్మ చూశాడు గానీ అక్షరాలు చూడలేదు.

ఆడపిల్లకి కుస్తీలేంటి అంది అమ్మమ్మ. నేను ఒక పూట అన్నం మానేశాను. మావయ్య చిన్నకొడుక్కి అయిదేళ్లు, వాడు తల్లి లేకుండా ఎక్కడికీ వెళ్లడు. వాడి పుణ్యమా అని అత్తయ్య బయల్దేరింది. అత్తయ్య వెంట నేను. లేకపోతే అత్తయ్యకి బెజవాడ చూసే యోగం ఎక్కడిది? పెళ్లయి పదేళ్లయినా కనకదుర్గమ్మ కొండకి రెండుసార్లే వెళ్లిందట. పులిహోర కలిపి క్యారియర్‌లో సర్ది, ఉన్న రెండు మంచి చీరల్లో ఒకటి కట్టుకుని బస్సెక్కింది.

గ్రౌండ్‌లో మధ్య ఎత్తుగా చెక్కలతో గోదా కట్టి, చుట్టూ తాళ్లు బిగించారు. పైన గుత్తులుగా లైట్లు. ఆ లైట్ల చుట్టూ పురుగులు. ఆడవాళ్ల వైపు అని తాడు కట్టిన చోట పాతిక ముప్పై మంది కూడా లేం. చాలామంది చంకలో పిల్లలున్నవాళ్లే. మొగవాళ్ల వైపు ఇసకేస్తే రాలని జనం. బీడీ పొగ, వేరుశెనగ తొక్కలు, ఈలలు. అంతమంది మగవాళ్లు ఒకేచోట అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

దారాసింగ్ రాలేదు. కాసేపు గోలచేసి జనం ఊరుకున్నారు. చిన్నా చితకా జోడీలు అయ్యాక అసలు కుస్తీ మొదలైంది. ఒకాయన నల్ల లాగు, నుదుట బొట్టు, గోదా ఎక్కగానే నాలుగు వైపులా దణ్ణం పెట్టాడు. రెండోవాడు ఎర్ర ముసుగు వేసుకున్నాడు. ఎక్కుతూనే జనం మీద ఉమ్మినట్టు చేశాడు. ఎవడు మంచివాడో ఎవడు చెడ్డవాడో తెలుసుకోవడానికి మాకు క్షణం పట్టలేదు. ముసుగువాడు దొంగదెబ్బలు కొట్టాడు. లాగులోంచి ఏదో తీసి కళ్లలో కొట్టాడు. కిందపడ్డవాడి చేతివేళ్లమీద బూటుకాలు పెట్టి నలిపాడు. అవన్నీ సరిగ్గా రెఫరీ అటు తిరిగినప్పుడే చేసేవాడు. ఇంతమందికి కనిపించేది ఆ ఒక్కడికే ఎందుకు కనిపించదో నాకు అర్థం కాలేదు. కిందపడ్డవాడు ఏడ్చాడు. నేల చరిచాడు. రెండు చేతులూ జోడించి రెఫరీని వేడుకున్నాడు. అంత పెద్ద మగవాడు, అందరి ముందూ, నోరు తెరిచి ఏడ్చాడు.

అప్పటిదాకా అత్తయ్య పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూచుంది. ఉన్నట్టుండి లేచి నిలబడింది. పిల్లాడు ఒళ్లోంచి జారిపోయాడు.

“అటు చూడవయ్యా! నీకు కళ్లు లేవా? అటు చూడు!”

అది అత్తయ్య గొంతని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఇంట్లో ఆమె గొంతు పక్కగదిలోకి కూడా వినపడేది కాదు. జనం కూడా అదే అరుస్తున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కానీ జనం నవ్వుతూ అరుస్తున్నారు. అత్తయ్య నవ్వడం లేదు. మెడ నరాలు ఉబ్బేలా, బొట్టు చెమటకి కరిగి కారేలా అరిచింది. చివరికి మంచివాడు ఎలాగో లేచి ముసుగువాణ్ణి ఎత్తి పడేసి గెలిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తయ్య కూచుండిపోయింది.

నేను ఏడుస్తున్నానని పెద్దబావ మావయ్యకి చెప్పాడు. మావయ్య పకపకా నవ్వాడు. “ఓసి పిచ్చిమొహమా, అదంతా ఉత్తుత్తిదేనే! ఉత్తుత్తి దెబ్బలు. వాళ్లిద్దరూ ఇప్పుడు ఒకే కంచంలో తింటారు చూడు” అన్నాడు. తర్వాత అత్తయ్యకేసి తిరిగి, “ఉత్తుత్తిదానికి అంత గోలేంటి, పదిమందిలో?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అత్తయ్య కొంగు సర్దుకుంది.

మావయ్య చెప్పింది నిజమే. ఆఖరి బస్సుకి టైముందని గవర్నరుపేటలో ఒక హోటల్‌కి వెళితే, మూల బల్ల దగ్గర ఆ ఇద్దరూ కూచుని ఇడ్లీ తింటున్నారు. ముసుగు లేకపోయినా చెడ్డవాణ్ణి నేను చెవిని బట్టి గుర్తుపట్టాను. నలిగిపోయి గోబీపువ్వులా ఉంది అతని చెవి. ఇద్దరూ అన్నదమ్ముల్లా మాట్లాడుకుంటున్నారు. అయితే నేను ఇంకోటి కూడా చూశాను. ఆ మంచివాడు కుడిచేతి వేళ్లు మంచినీళ్ల గ్లాసులో ముంచి పెట్టుకున్నాడు. వేళ్లు వాచి ఉన్నాయి. ఎడం చేత్తో తింటున్నాడు. నేను ఆ మాట మావయ్యకి చెప్పలేదు. అత్తయ్యకి చూపించాను. “చూశాలేవే” అంది అత్తయ్య మెల్లగా.

*

ఈ జ్ఞాపకాన్ని నేను ఇన్నేళ్లు ఒక సరదా కథగానే చెబుతూ వచ్చాను. అందులో సరదా లేదని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. దానికి కారణం ఒక్క మాట. ఉత్తుత్తి.

ఆ మాట మా ఇంట్లో ఇంకో సందర్భంలో కూడా వినపడేది. కొన్ని రాత్రుళ్లు మావయ్య గది తలుపు మూసుకునేది. రేడియో శబ్దం పెరిగేది. వసారాలో అమ్మమ్మ పక్కలో పడుకున్న నేను లేచి కూచుంటే, అమ్మమ్మ నా చెవి మీద చెయ్యి పెట్టి, “ఏం లేదే, పడుకో. మొగుడూ పెళ్లాలు. ఉత్తుత్తిదే” అనేది. తెల్లారి అత్తయ్య పేడనీళ్లు చల్లేటప్పుడు మోచేతి దగ్గర నీలంగా ఉండేది. అడిగితే గడప తగిలిందనో, తలుపు సందులో పడిందనో చెప్పేది. గోదాలో దెబ్బలు ఉత్తుత్తివి, అరుపులు పెద్దవి. మా ఇంట్లో దెబ్బలు నిజమైనవి, అరుపులే లేవు. రెంటికీ పేరు మాత్రం ఒకటే.

కుస్తీ మీద రాసిన వ్యాసాల్లో ప్రపంచమంతా చదివేది ఫ్రెంచి రచయిత రోలాండ్ బార్త్ రాసింది. 1957లో వచ్చిన ‘మిథాలజీస్’ పుస్తకంలో మొదటి వ్యాసం అదే. ఆయన పారిస్‌లో చిన్న చిన్న హాళ్లలో జరిగే కుస్తీలు చూసి రాశాడు. కుస్తీ ఆట కాదు, ప్రదర్శన అంటాడు. పాత గ్రీకు నాటకాల ముసుగుల్లాగా ఇక్కడ బాధ, ఓటమి, న్యాయం అందరికీ ఒక్క చూపులో అర్థమయ్యేంత పెద్దగా కనపడతాయంటాడు. పోటీ ముందే కుదుర్చుకున్నదా కాదా అన్నది ప్రేక్షకుడికి అక్కర్లేదంటాడు. అది నిజమా అబద్ధమా అని అడగడం ఆపేసినవాడే దాన్ని సరిగ్గా చూడగలడని ఆయన వాదన. తోవాన్ అనే ముసలి వస్తాదు ఒళ్లు చూడగానే జనానికి రోత పుట్టి, వీడు చెడ్డవాడని తెలిసిపోయే తీరుని వర్ణించిన పేరాలు చదువుతుంటే నాకు మా ఎర్ర ముసుగువాడు కళ్లముందు కదిలాడు.

బార్త్ గొప్ప రచయిత. సబ్బు ప్రకటనలనీ, పిల్లల బొమ్మలనీ కూడా చదవొచ్చని మనకి నేర్పినవాడు. వ్యాసంలో ఆయన చెప్పిన సగం మాటలు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో నేను కళ్లారా చూశాను. మంచిచెడ్డలు అంత స్పష్టంగా కనపడే చోటు మా ఊళ్లో లేదు. గోదాలో ఏడ్చిన మగవాణ్ణి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. మగవాడు దెబ్బతినొచ్చు, ఏడవొచ్చు, చేతులు జోడించొచ్చు, అది చూసి జనం అతని పక్షాన నిలబడతారు. అతని బాధకి వేలమంది సాక్షులు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ నిజమా అబద్ధమా అన్న ప్రశ్నని ఆయన అంత తేలిగ్గా ఎలా పక్కన పెట్టగలిగాడు? నాకు అనిపించేదేమిటంటే, తన బాధని ఎవరూ ఎప్పుడూ ఉత్తుత్తిదని కొట్టిపారెయ్యని మనిషికే ఆ ప్రశ్న అక్కర్లేదు. ఆడవాళ్ల వైపు తాడు వెనక కూచున్న మా అత్తయ్యకి అదొక్కటే ప్రశ్న. తొమ్మిదేళ్ల నాకు కూడా అదే ప్రశ్న. గోదాలోదీ ఉత్తుత్తిదే, గదిలోదీ ఉత్తుత్తిదే అయితే నిజం దెబ్బ ఎలా ఉంటుంది? దాన్ని ఎవరు చెబుతారు? పైగా ఆ మంచినీళ్ల గ్లాసు ఒకటి ఉంది. ముందే కుదుర్చుకున్న కుస్తీలో కూడా వేళ్లు వాస్తాయి. బార్త్ గోదాని చూశాడు గానీ, తర్వాత హోటల్‌కి వెళ్లలేదు.

*

మన సాహిత్యంలో కుస్తీ కథ కావాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, విరాటపర్వం ఉంది. వానలు పడకపోతే, కాలవలకి నీళ్లు రావడం ఆలస్యమైతే మా ఊరి రామాలయంలో విరాటపర్వం చదివించేవారు. చదివితే వానలు పడతాయని నమ్మకం. అమ్మమ్మ ముందు వరసలో కూచునేది. అందులో వరసగా రెండు ఘట్టాలున్నాయి. మొదటిది, విరాటుడి కొలువులో వంటవాడుగా ఉన్న భీముడు జీమూతుడనే మల్లుణ్ణి అందరి ముందూ ఓడించడం. అది పండగ, జనం, రాజుగారి మెప్పు, బహుమానాలు. రెండోది, కీచకుడు తరుముకొస్తే సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది పరుగెత్తుకుంటూ అదే రాజు సభకి రావడం, అక్కడ రాజు చూస్తుండగా వాడు ఆమెని తన్నడం. మొదటి కుస్తీకి చప్పట్లు కొట్టిన సభ రెండోదానికి నోరెత్తదు.

అక్కడే ఉన్నాడు ధర్మరాజు, కంకుభట్టు వేషంలో. అజ్ఞాతవాసం బయటపడకూడదన్నది ఆయన భయం. చెట్టుకేసి చూస్తున్న భీముణ్ణి, వంటచెరుకు కోసమైతే ఇంకో చెట్టు చూసుకొమ్మని నేర్పుగా ఆపుతాడు. తర్వాత భార్యతో అనే మాట తిక్కన రాసిన తీరు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆమె ఏడుపు గౌరవంగల ఆడవాళ్ల తీరులా లేదనీ, నాట్యం చేస్తున్నట్టు ఉందనీ మందలిస్తాడు. సంస్కృత భారతంలోనూ అంతే. నాటకాలాడే ఆడదానిలా ఏడ్చి జూదానికి అడ్డం రావద్దంటాడు. అంటే ఆమె తిన్నది నిజం తన్ను, ఆయన దానికి పెట్టిన పేరు నటన.

తిక్కన ద్రౌపది ఊరుకోదు. నా మొగుడే నటుడు, కాబట్టి నాకు నాట్యం అలవాటే అంటుంది. మొగుడు జూదరి అయితే పెళ్లానికి గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుందని కూడా అంటుంది. ఆ సభలో వేషం కట్టినవాడు ఎవడు, నటిస్తున్నవాడు ఎవడు? అందరికన్నా నిజంగా ఉన్న మనిషిని పట్టుకుని నటి అన్నవాడే అసలు వేషగాడు. ఏడొందల ఏళ్లకి పైబడి ఈ పద్యాలు మన బళ్లలో, గుళ్లలో చదువుతున్నారు. చమత్కారంగా ఉందని మెచ్చుకుంటారు. అది చమత్కారం కాదు, సాక్ష్యం. తన దెబ్బ నిజమైనదని చెప్పుకోవడానికి ఒక ఆడమనిషికి అంత తెలివిగా మాట్లాడాల్సి రావడమే విషాదం.

1963లో వచ్చిన ‘నర్తనశాల’ సినిమాని మేం టూరింగ్ టాకీస్‌లో చూశాం. అందులో భీముడు వేసిన దండమూడి రాజగోపాలరావు మా ఉయ్యూరు పక్క గండిగుంటవాడు. బరువులెత్తడంలో దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి. బెజవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. మనవాడు, మనవాడు అంటూ మావయ్య ఆ కుస్తీ ఘట్టానికి ఈలలు వేశాడు. సావిత్రి ఏడ్చినప్పుడు అమ్మమ్మ కళ్లొత్తుకుంది. గుళ్లో విన్నా, తెర మీద చూసినా ద్రౌపది కోసం అమ్మమ్మ కన్నీళ్లు పెట్టుకునేది. ఆ కన్నీళ్లు అబద్ధమని నేను అనను. కానీ ఆ రాత్రి రేడియో శబ్దం పెరిగితే మళ్లీ నా చెవి మీద చెయ్యి పెట్టేది.

*

నేను చూసిన గోదాలో ఆడవాళ్లు లేరు. కుస్తీ పట్టే ఆడవాళ్లు ఉంటారని కూడా అప్పట్లో మాకు తెలియదు. కానీ అంతకు పద్నాలుగేళ్ల ముందే, 1954లో, బరోడాలో హమీదా బాను అనే ఆమె బాబా పహిల్వాన్‌ని ఒక నిమిషం ముప్పైనాలుగు సెకండ్లలో చిత్తు చేసింది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మనిషి. కుస్తీలో నన్ను ఓడించినవాణ్ణి పెళ్లి చేసుకుంటానని సవాలు విసిరింది. ఆమె తినే తిండి, తాగే పాలు, బరువు అన్నీ పత్రికలకి వార్తలే. రష్యా నుంచి వచ్చిన వెరా చిస్తిలిన్‌ని బొంబాయిలో ఒక్క నిమిషం కూడా పట్టకుండానే ఓడించింది.

ఆమె గెలిచిన ప్రతిసారీ వినపడిన మాట ఏమిటో మీరు ఊహించగలరు. కుస్తీ ఉత్తుత్తిదని. ఆడది మగవాణ్ణి ఓడించడమా, డబ్బులిచ్చి పడుకోబెట్టి ఉంటారని. తన పోటీలకి అనుమతి ఇవ్వడం లేదని ఆమె బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కి మొరపెట్టుకుంటే, ఆడదానివని కాదు, నిర్వాహకులు నీ మీదకి డమ్మీలని దింపుతున్నారని ఫిర్యాదులొచ్చాయి కాబట్టి అని జవాబు వచ్చింది. ఆ రోజుల్లో మగవాళ్ల ఫ్రీస్టయిల్‌లో కుదుర్చుకున్న కుస్తీలు లేవా? ఉన్నాయి. అందరికీ తెలుసు కూడా. వాటిని సరదా అన్నారు. ఆమె విషయంలో మాత్రం మోసం అన్నారు.

ఇంక ఆమె ఇంటి సంగతి. యూరప్ వెళ్లి కుస్తీ పడతానని ఆమె ప్రకటించాక, శిక్షణ ఇచ్చిన సలాం పహిల్వాన్ ఆమెని వెళ్లనివ్వకుండా చేతులు విరగ్గొట్టాడని ఆమె మనవడు బీబీసీకి చెప్పాడు. ఇరుగుపొరుగువాళ్లు కూడా ఆమె చాలాకాలం కర్ర సాయంతో నడిచిందని చెప్పారు. ఆ తర్వాత బొంబాయి దగ్గర కల్యాణ్‌లో పాలు అమ్ముకుని, రోడ్డు పక్క చిరుతిళ్లు అమ్ముకుని బతికి 1986లో చనిపోయింది. 2024 మే 4న గూగుల్ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ వేసేదాకా మనలో చాలామందికి ఆమె పేరు తెలియదు. ఆమె గోదాలో పొందిన గెలుపుల మీద అంత విచారణ జరిగింది. ఇంట్లో విరిగిన చేతుల మీద ఏ విచారణా జరిగినట్టు ఎక్కడా కనపడదు.

ఏది నిజం, ఏది ఉత్తుత్తి అన్నది దెబ్బని బట్టి తేలదు. చెప్పేవాడి అవసరాన్ని బట్టి తేలుతుంది. అమెరికాలో కుస్తీ కంపెనీలు ఇది నిజమైన పోటీయేనని దశాబ్దాలపాటు జనాన్ని నమ్మించాయి. 1989లో న్యూజెర్సీ రాష్ట్రంలో క్రీడా కమిషన్ అజమాయిషీ, పన్నులు తప్పించుకోవాల్సి వచ్చేసరికి, ఇది వినోదమే గానీ పోటీ కాదని అక్కడి పెద్ద కంపెనీయే ఒప్పుకుంది. నిజం అంటే లాభం ఉన్నప్పుడు నిజం, ఉత్తుత్తి అంటే లాభం ఉన్నప్పుడు ఉత్తుత్తి. మా మావయ్య కూడా అంతే. గోదా చుట్టూ కూచున్నంతసేపూ ఆయనకి అది నిజం. అత్తయ్య లేచి అరిచిన మరుక్షణం ఉత్తుత్తి అయిపోయింది.

2023లో ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర మహిళా మల్లయోధులు కూచున్నప్పుడు నేను టీవీ ముందునుంచి లేవలేదు. రియో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన సాక్షి మలిక్, ప్రపంచ పోటీల్లో పతకాలు తెచ్చిన వినేశ్ ఫోగాట్. వాళ్ల కుస్తీ నిజమా అని ఎవరూ అడగలేదు, పతకాలున్నాయి కదా. సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేయగానే మాత్రం అదే పాత మాట బయటికొచ్చింది. నాటకం అన్నారు, రాజకీయం అన్నారు, దేశం పరువు తీస్తున్నారన్నారు. ఆయన ఆరోపణలు ఒప్పుకోలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది, దాని తీర్పు కోర్టులది. నేను మాట్లాడేది మే 28న జరిగిన దాని గురించి. పోలీసులు వాళ్లని ఈడ్చుకెళ్లి బస్సెక్కించారు. ఆ బస్సులో తీసిన ఫోటోలో వాళ్ల మొహాలు దిగులుగా ఉన్నాయి. కొద్ది గంటల్లోనే ఆ మొహాల మీద కంప్యూటర్‌తో నవ్వులు అతికించి, చూడండి వీళ్ల నటన అని ప్రచారం చేశారు. ధర్మరాజు ద్రౌపదిని మాటతో నటిని చేశాడు. ఇప్పుడు మొహమే మార్చేస్తున్నారు. ఆ డిసెంబరులో సాక్షి మలిక్ తన బూట్లు బల్ల మీద పెట్టి కుస్తీ మానేస్తున్నానని ఏడుస్తూ లేచి వెళ్లిపోయింది. ఆ బూట్లు చూస్తే నాకు మంచినీళ్ల గ్లాసు గుర్తొచ్చింది.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1983లో 498ఎ వచ్చింది. 2005లో గృహహింస చట్టం చేశారు, మరుసటి ఏడు అక్టోబరులో అమల్లోకి వచ్చింది. వాటి కోసం ఎంతమంది ఆడవాళ్లు ఎన్నేళ్లు వీధుల్లో నిలబడ్డారో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చట్టం వచ్చిన రోజునుంచీ దాని పక్కనే ఇంకో మాట కూడా నడుస్తోంది. ‘ఉత్తి కేసులు’ అని. మా అమ్మమ్మ మాటే, వేషం మార్చుకుని కోర్టు మెట్లెక్కింది.

*

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలు జరిగాయి. నా మనవరాలి పోరు పడలేక వెళ్లాను. జాన్ సీనా వచ్చాడు, స్టేడియం పైకప్పు ఎగిరిపోయేంత గోల. అక్కడ ఆడవాళ్లు కూడా పోటీపడ్డారు. రియా రిప్లీ, నటాల్యా. రిప్లీ గెలిచింది. అమ్మాయిల వైపు అని తాడు లేదు. పదకొండేళ్ల నా మనవరాలు కుర్చీ ఎక్కి అరిచింది. ఇదంతా ఉత్తుత్తిదని నీకు తెలుసా అని అడిగాను, కావాలనే. అది నన్ను జాలిగా చూసి, “అమ్మమ్మా, గెలుపు ముందే రాసుంటుంది. దెబ్బ మాత్రం నిజమే, అంత ఎత్తునుంచి పడితే తగలదా?” అంది.

నాకు అరవై నాలుగేళ్లకి తెలిసింది దానికి పదకొండేళ్లకే తెలుసు. సంతోషించాను. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎందుకంటే ఇప్పటిదాకా నేను అందర్నీ తప్పుపట్టాను. మావయ్యని, అమ్మమ్మని, విరాటుడి సభని, ఎక్కడో పారిస్ రచయితని. ఒక మనిషి గురించి మాత్రం చెప్పలేదు.

1973 మొదట్లో జై ఆంధ్ర ఉద్యమంతో బళ్లు మూతపడి నేను ఇంట్లోనే ఉన్నాను. నాకు పద్నాలుగేళ్లు. ఒక రాత్రి తర్వాత అత్తయ్య కుడి మణికట్టు వాచి, చెయ్యి ఎత్తలేకపోయింది. ఈసారి ఎవరో కబురందించారు. అత్తయ్య అన్నగారు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వసారాలో మంచాలు వేశారు. దూడ తాడు లాగితే పడిందని అమ్మమ్మ చెప్పింది. మావయ్య నేలకేసి చూశాడు. అత్తయ్య తలుపు వెనక నిలబడింది. ఒక పెద్దాయన నన్ను పిలిచాడు. “అమ్మాయ్, నువ్విక్కడే పడుకుంటావు గదా. నువ్వేమన్నా చూశావామ్మా?”

మావయ్య నా ఫీజు కట్టేవాడు. నన్ను ఒక్కనాడు కూడా కసరలేదు. కుస్తీలకి తీసుకెళ్లాడు. నేను అత్తయ్య వైపు చూడలేదు. “నిద్రపోయానండీ, చూడలేదు” అన్నాను. పెద్దమనుషులు మజ్జిగ తాగి వెళ్లిపోయారు. అత్తయ్య చెయ్యి వంకరగానే అతుక్కుంది. మళ్లీ ఎప్పుడూ ఆమె బిందె కుడిచేత్తో ఎత్తలేదు.

తర్వాత, టీవీలో రామాయణం వచ్చే రోజుల్లో, 1987లో అనుకుంటా, ఒక ఆదివారం అత్తయ్య పక్కన కూచుని చూస్తున్నాను. హనుమంతుడి వేషంలో దారాసింగ్ వచ్చాడు. “ఇతనే కదూ ఆ రోజు రాకుండా మోసం చేసింది” అని నవ్వింది అత్తయ్య. కాసేపాగి, తెర మీదనుంచి చూపు తిప్పకుండా, “ఆ రెఫరీకి అన్నీ కనపడే ఉంటాయే. చూడనట్టుండటమే వాడి ఉద్యోగం. చిన్నప్పుడు నాకు తెలీక అరిచాను” అంది. నన్నే అన్నదో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ కూడా ఇప్పుడు లేదు. స్వరాజ్య మైదానం అని పేరు మారి, 2024 జనవరిలో అక్కడ అంబేద్కర్ విగ్రహం వెలిసింది. హిందూ కోడ్ బిల్లు ఆగిపోయిందని 1951లో మంత్రిపదవి వదులుకున్న మనిషి. మొన్న బెజవాడ వెళ్లినప్పుడు అక్కడ కాసేపు కూచున్నాను. గోదా ఎక్కడుండేదో, ఆడవాళ్ల తాడు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను.

ఆ పెద్దమనుషుల్లో ఒక్కరూ ఇప్పుడు బతికిలేరు. అయినా వాళ్లడిగిన దానికి జవాబు చెప్పాలి. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. తలుపు సరిగ్గా పడలేదు, సందులోంచి లాంతరు వెలుగు వస్తోంది. దూడ లేదు, తాడు లేదు. మావయ్య అత్తయ్య కుడిచెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఆమె అరవలేదు. ఒకసారి తల తిప్పి తలుపు వైపు చూసింది. నేను చూశాను.